మీకు నచ్చే చీజ్ ఏదో తేల్చుకోవడం ఎలా: ఇంట్లో చేసుకునే రుచి పరీక్ష

ఏ చీజ్ ఇష్టం అని అడిగితే మనం వెంటనే ఒక పేరు చెప్పేస్తాం. మొజరెల్లా అనో, చెడ్డార్ అనో, గౌడా అనో. ఆ పేరు పట్టుకుని షాపుకెళ్తే మాత్రం పని జరగదు. మూడు నెలల చెడ్డార్‌నీ, రెండేళ్ళు మాగబెట్టిన చెడ్డార్‌నీ ఒకే పేరుతో అమ్ముతారు. మొదటిది మెత్తగా, కమ్మగా ఉంటుంది, చిన్నపిల్లలు కూడా వంక పెట్టరు. రెండోది నాలుక అంచుల్ని చురుక్కుమనిపిస్తుంది, నమిలితే పొడిపొడిగా విరుగుతుంది. ఒకటి నచ్చినవాళ్ళకి రెండోది నచ్చాలని ఏమీ లేదు.

అందుకే పేర్లని పక్కన పెట్టి రుచిని విడదీసి చూడటం నేర్చుకోవాలి. చీజ్‌లో ఉప్పు, పులుపు, వాసన ఎంతెంత ఉన్నాయన్నది ఒక లెక్క. అవి మీకు ఎంత కావాలన్నది వేరే లెక్క. ఈ రెండింటినీ కలిపేసి "బాగుంది", "బాలేదు" అని తేల్చేస్తే, తర్వాతిసారి షాపులో నిలబడ్డప్పుడు మళ్ళీ మొదటికొస్తారు. విడివిడిగా రాసుకుంటే, ఇంతవరకూ తినని చీజ్ కూడా మీకు నచ్చుతుందో లేదో ముందే చాలావరకు ఊహించగలుగుతారు.

దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఒక సాయంత్రం, ఐదు రకాల చీజ్, నలుగురు మనుషులు, నాలుగు కాగితాలు, పెన్నులు ఉంటే చాలు.

మొదటి అడుగు: ఐదింటిని ఎంచుకోవడం

ఐదు మించొద్దు. ఆరేడు తిన్నాక ఉప్పుకీ కొవ్వుకీ నాలుక మొద్దుబారిపోతుంది, చివర్లో వచ్చిన వాటికి అన్యాయం జరుగుతుంది. ఆ ఐదూ ఒకదానికొకటి బాగా తేడాగా ఉండాలి. మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పే జాబితా ఇది: నీళ్ళలో తేలే ఫ్రెష్ మొజరెల్లా, ఫెటా, గౌడా, మాగిన చెడ్డార్, కామెంబెర్. కామెంబెర్ దొరక్కపోతే బ్రీ తీసుకోండి, రెండూ ఒకే కుటుంబం.

ఫ్రెష్ మొజరెల్లా అంటే పిజ్జా కోసం అమ్మే గట్టి దిమ్మ కాదు, తెల్లటి మెత్తటి ఉండ. ఇటలీలో కంపానియా ప్రాంతపు అసలు రకాన్ని గేదె పాలతోనే చేస్తారు. మన దేశంలో గేదె పాలకు కొదవ లేదు కాబట్టి ఇక్కడ తయారయ్యే గేదె పాల మొజరెల్లా కూడా దొరుకుతోంది. దీంట్లో ఉప్పు తక్కువ, పులుపు లేశమాత్రం, మాగబెట్టడం అనేదే ఉండదు. పాల రుచి ఎలా ఉంటుందో చెప్పేది ఇదే. ఆ తెలుపుకీ కారణం ఉంది. గేదెలు, మేకలు మేతలోని కెరోటిన్‌ని దాదాపు అంతా విటమిన్ ఎ గా మార్చేసుకుంటాయి. ఆవు అలా పూర్తిగా మార్చుకోదు, అందుకే ఆవు పాల చీజ్‌కి పసుపు ఛాయ వస్తుంది.

ఫెటా గ్రీసుది. 2002లో ఐరోపా సమాఖ్య ఆ పేరుని గ్రీసుకి కట్టబెట్టింది. అక్కడి నియమం ప్రకారం గొర్రె పాలతో చేయాలి, మేక పాలు కలిపితే 30 శాతం మించకూడదు. ఉప్పునీళ్ళలో నానబెట్టి మాగబెడతారు. మన దగ్గర ఆవు పాలతో చేసినదాన్ని కూడా ఫెటా పేరుతో అమ్ముతారు. పరీక్షకి అదైనా పర్వాలేదు గానీ, ఏ పాలదో కాగితం మీద రాసుకోండి. గొర్రె, మేక పాలలో ఉండే కొన్ని కొవ్వు ఆమ్లాల వల్ల వచ్చే ఘాటు ఆవు పాల ఫెటాలో రాదు.

గౌడా నెదర్లాండ్స్‌ది. పాలు గడ్డకట్టాక ఆ గడ్డల నుంచి కొంత తేట వంచేసి, బదులు వేడినీళ్ళు పోస్తారు. దాంతో పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, కొంత కొట్టుకుపోతుంది. బ్యాక్టీరియాకి తిండి తగ్గితే పులుపు తగ్గుతుంది. గౌడా ఎందుకు తియ్యగా అనిపిస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా. అందులో చక్కెర ఎక్కువేమీ లేదు, పులుపు తక్కువ, అంతే.

చెడ్డార్ ఇంగ్లండ్‌లో సోమర్సెట్ జిల్లాలోని ఒక ఊరి పేరు. గడ్డని పలకలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తిరగేస్తూ ఉంటే తేట పిండుకుపోయి పులుపు పెరుగుతుంది. గౌడాలో పులుపుని కడిగేస్తే ఇందులో పెంచుతారన్నమాట. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తింటే పులుపు విషయంలో మీ పక్షం ఏదో తేలిపోతుంది. కొన్ని చెడ్డార్‌లు నారింజ రంగులో ఉంటాయి. అది ఆంధ్రాలో కూడా పండే జాఫ్రా గింజల రంగు, రుచికి దానితో సంబంధం లేదు.

కామెంబెర్ ఫ్రాన్సులో నార్మండీది. పైన తెల్లటి నూగులాంటి పొర ఉంటుంది, అది కావాలని పెంచిన బూజు. మా ఇంట్లో దీన్ని మొదటిసారి ప్యాకెట్లోంచి తీసినప్పుడు అమ్మ దగ్గరికొచ్చి చూసి, "ఒరేయ్, ఇది బూజు పట్టిందిరా, పారెయ్" అంది. ఇది ఇలాగే ఉండాలమ్మా అంటే నమ్మడానికి చాలాసేపు పట్టింది. ఆ బూజు పైనుంచి లోపలికి పనిచేస్తుంది. సగం మాగినదాన్ని కోస్తే అంచుల దగ్గర మీగడలా జారుతూ, మధ్యలో సుద్దలా తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. ఒకే ముక్కలో రెండు వయసులు! రెండు చోట్లా విడిగా రుచి చూడండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మోనియా గుప్పుమంటే మాత్రం దాని కాలం దాటిపోయినట్టు.

వీటికి తోడుగా ఇంట్లో ఎప్పుడూ ఉండే అమూల్ క్యూబ్ ఒకటి పక్కన పెట్టుకోండి. అది పోటీలో లేదు, కొలబద్ద మాత్రమే. మనలో చాలామంది నాలుక చీజ్ అంటే ఏమిటో నేర్చుకున్నది దానితోనే కాబట్టి, "క్యూబ్ కంటే ఉప్పు ఎక్కువ", "క్యూబ్ కంటే పులుపు" అని రాసుకోవడం తేలిక. క్యూబులు, స్లైసులు ప్రాసెస్డ్ చీజ్. అంటే మామూలు చీజ్‌ని తురిమి, సోడియం సిట్రేట్ లాంటి లవణాలతో కలిపి, వేడిచేసి కరిగించి, అచ్చుల్లో పోసింది. 1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్ పట్టణంలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ ఈ పద్ధతి కనిపెట్టారు. 1916లో అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. ప్రతిసారీ ఒకేలా ఉండటం దాని గొప్ప, కొలబద్దకి కావాల్సింది కూడా అదే.

రెండో అడుగు: లేబుల్ చదివి కొనడం

ముందు "ఇంగ్రీడియంట్స్" వరుస చూడండి. పాలు, ఉప్పు, కల్చర్ (పాలని పులియబెట్టే బ్యాక్టీరియా), రెనెట్ లేదా ఎంజైమ్ అని మాత్రమే ఉంటే అది అసలు చీజ్. ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే సంకేత సంఖ్య. 331, 339 లాంటి లవణాల అంకెలు కనిపిస్తే ప్రాసెస్డ్. వెజిటబుల్ ఆయిల్ ఉంటే అది చీజ్ పోలికతో చేసిన వేరే పదార్థం, దాన్ని పరీక్షలో కలపొద్దు. ఐఎన్‌ఎస్ 160బి అంటే పైన చెప్పిన జాఫ్రా రంగు. తురిమి ప్యాకెట్లో పెట్టినవి వద్దు. తురుము అంటుకోకుండా పిండిపదార్థమో సెల్యులోజో చల్లుతారు, నోట్లో అది గరుకుగా తెలుస్తుంది. దిమ్మగానే కొనండి.

శాకాహారులు రెనెట్ సంగతి పట్టించుకోవాలి. పాలని గడ్డకట్టించే ఈ ఎంజైమ్‌ని పూర్వం దూడ పొట్టలోంచే తీసేవారు, కొన్ని చీజ్‌లకి ఇప్పటికీ అదే వాడతారు. ఇటలీలోని అసలైన పార్మిజానో రెజ్జానోకి దూడ రెనెట్ తప్పనిసరి, అది వాళ్ళ నిబంధన. కాబట్టి నికార్సయిన పార్మిజానో శాకాహారం కాదు, ఎంత వెతికినా శాకాహార రకం దొరకదు. ఇండియాలో ఆకుపచ్చ చుక్క చూసుకుంటే సరిపోతుంది. అమెరికాలో ఉండేవాళ్ళకి ఆ చుక్క ఉండదు కాబట్టి మైక్రోబియల్ రెనెట్ (సూక్ష్మజీవుల నుంచి వచ్చినది) లేదా వెజిటేరియన్ రెనెట్ అని రాసి ఉందో లేదో చూడాలి. ఊరికే "ఎంజైమ్స్" అని ఉంటే ఏ రకమో దాన్నిబట్టి చెప్పలేం. అక్కడ 1990లో సూక్ష్మజీవులతో తయారుచేసిన కైమోసిన్‌కి (రెనెట్‌లో పాలని గడ్డకట్టించే ముఖ్యమైన ఎంజైమ్ ఇదే) అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చాక ఎక్కువ కంపెనీలు దానికే మారాయి. అందువల్ల అక్కడి చెడ్డార్లలో శాకాహారం దొరకడం కష్టం కాదు.

తర్వాత వయసు. చెడ్డార్ మీద "మైల్డ్", "షార్ప్", లేదా నెలల సంఖ్య ఉంటుంది. పరీక్షకి కనీసం తొమ్మిది నెలలదైనా తెచ్చుకోండి. అంతకంటే లేతది గౌడా పక్కన పెడితే తేడా సరిగ్గా తెలియదు.

మనిషికి ఒక్కో రకం 20 గ్రాములు చాలు. నలుగురికి ఒక్కోటి 100 గ్రాములు కొంటే, మళ్ళీ మళ్ళీ చూసుకోవడానికి కూడా కొంచెం మిగులుతుంది. ఖర్చు ఎక్కువనిపిస్తే ఇద్దరు ముగ్గురు స్నేహితులు తలా ఒకటి తెచ్చుకోండి. నిజానికి ఇది ఒక్కళ్ళు చేసే పని కూడా కాదు. పక్కనున్నవాళ్ళు మీకు తోచనిది చెప్పినప్పుడే మీ నాలుక మీకు బాగా తెలుస్తుంది.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. గర్భిణులు కామెంబెర్, బ్రీ, లోపల నీలి బూజు చారలుండే బ్లూ చీజ్‌లని పచ్చిగా తినకూడదు, లిస్టీరియా అనే హానికర బ్యాక్టీరియా ప్రమాదం ఉంటుంది. ఎంఏఓ ఇన్‌హిబిటర్ రకం డిప్రెషన్ మందులు వాడేవాళ్ళు బాగా మాగిన చీజ్ తినేముందు డాక్టర్‌ని అడగాలి, ఆ చీజ్‌లోని టైరమీన్ అనే పదార్థం బీపీని ఉన్నట్టుండి పెంచగలదు. పాలు తాగితే పడనివాళ్ళు మాత్రం మాగిన గట్టి చీజ్ విషయంలో పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. మాగేకొద్దీ లాక్టోజ్ దాదాపు లేకుండా పోతుంది.

మూడో అడుగు: చల్లదనం పోగొట్టడం

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తింటే ఏ చీజ్ అయినా ఒకేలా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొవ్వు గట్టిగా ఉంటుంది, వాసన బయటికి రాదు. ఐరోపా పుస్తకాల్లో గంట ముందు తీసి పెట్టమంటారు. హైదరాబాద్ మే నెలలో గంటసేపు బయట పెడితే చెడ్డార్ చెమటలు పట్టి నూనె కారుతుంది. ఎండాకాలం ఇరవై నిమిషాలు, చలికాలం ముప్పావు గంట. అన్నిటినీ ఒకేసారి తీయండి. ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉంటే మీరు పోల్చేది వేడినే, రుచిని కాదు.

కోసేటప్పుడు పై తొక్క, లోపలి భాగం రెండూ ప్రతి ముక్కకీ వచ్చేలా కోయండి. గౌడా మీద ఉండే ఎర్ర, పసుపు మైనం తీసేయాలి, అది తినేది కాదు. కామెంబెర్ తెల్ల పొర తినొచ్చు. రుచిలో సగం అక్కడే ఉంటుంది.

నాలుగో అడుగు: పేర్లు దాచడం

చాలామంది ఇది అక్కర్లేదనుకుంటారు. నా లెక్కలో ఇది మానేస్తే మిగతాదంతా కాలక్షేపమే. 2001లో రేచెల్ హెర్జ్, జూలియా ఫాన్ క్లెఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే వాసనని మనుషులకి రెండు పేర్లతో చూపించారు, ఒకసారి పార్మెజాన్ చీజ్ అని, ఒకసారి వాంతి అని. పేరు మారగానే అభిప్రాయమూ మారిపోయింది. ఇందులో అబద్ధం చెప్పినవాళ్ళెవరూ లేరు. మాగిన చీజ్‌కి ఆ వాసననిచ్చే బ్యూటిరిక్ ఆమ్లం వాంతిలో కూడా ఉంటుంది. ముక్కుకి రెండూ ఒకటే, తేడా పేరులో ఉంది. ఇంపోర్టెడ్ అన్న మాట, ధర, డబ్బా మీద ఆవు బొమ్మ, ఇవన్నీ కూడా ఇలాగే పనిచేస్తాయి.

తినేవాళ్ళలో లేని ఒకరితో ముక్కలు కోయించి, ప్లేట్ల కింద అంకెలు రాయించండి. 1, 2, 3 అని కాకుండా 417, 832 లాంటి మూడంకెల సంఖ్యలు ఇవ్వండి. ఒకటో నంబర్ అనగానే అది మొదటి ర్యాంకు అన్న భావం మనసులో పడిపోతుంది. మెత్తటి ఉండ మొజరెల్లా అని చూడగానే తెలిసిపోతుంది కదా అంటారా? నిజమే, రకాల మధ్య పోటీలో కళ్ళని పూర్తిగా మోసం చేయలేం. కానీ ఒకే రకంలో రెండు బ్రాండ్లు, లేదా రెండు వయసులు పోల్చేటప్పుడు ఇది ప్రాణం.

బ్రాండ్ల విషయానికొస్తే ఇంకో చిన్న పరీక్ష ఉంది. "ఇది దానికంటే ఎంతో బాగుంటుంది" అని ఎవరైనా అంటే, మూడు ముక్కలు ఇవ్వండి. రెండు ఒక బ్రాండ్‌వి, ఒకటి రెండోది. తేడాగా ఉన్నదాన్ని పట్టుకోమనండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారితో ఒప్పుకోవద్దు. వరసగా మూడుసార్లు సరిగ్గా చెబితే, అదృష్టంతో అలా జరిగే అవకాశం 27లో ఒకటి, కాబట్టి నమ్మొచ్చు. ఇంట్లో బ్రాండ్ మీద నడిచే వాదనలు చాలావరకు ఇక్కడే చల్లారిపోతాయి.

ఐదో అడుగు: రుచి చూడటం

తక్కువ ఘాటు నుంచి ఎక్కువ ఘాటుకి వెళ్ళండి: మొజరెల్లా, గౌడా, కామెంబెర్, చెడ్డార్, ఫెటా. ఫెటాని చివర పెట్టడానికి కారణం దాని ఉప్పే. ముందే తింటే తర్వాతవన్నీ చప్పగా అనిపిస్తాయి. మధ్యమధ్యలో గోరువెచ్చని నీళ్ళు తాగండి. చల్లటి నీళ్ళు కొవ్వుని నాలుక మీదే గట్టిపరుస్తాయి. దాంతోపాటు నాలుగు మరమరాలు నమలండి. ఉప్పూ నూనే లేని మరమరాలకి మించిన సాధనం నాకింతవరకూ దొరకలేదు. బిస్కెట్లలో ఉప్పు, చక్కెర ఉంటాయి, బ్రెడ్‌లోనూ అంతే. కాఫీ తాగి, ఆవకాయ అన్నం తిని వచ్చి కూర్చోవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ముక్కని ముందు చేత్తో విరవండి. మొజరెల్లా చీలికలుగా, పీచులా విడిపోతుంది. గౌడా వంగి, ఆపైన తెగుతుంది. మాగిన చెడ్డార్ వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఫెటా పొడి అయిపోతుంది. విరిచిన చోటే ముక్కు పెట్టి వాసన చూడండి, పైపైన కాదు. తాజా పెరుగు, పుల్ల మజ్జిగ, నెయ్యి కాచిన అడుగు, వేయించిన వేరుశనగ, పుట్టగొడుగు, తడి మట్టి, ఇలా ఏది గుర్తొస్తే అది రాయండి. ఎవరో ఇంగ్లీషులో రాసిన మాటలు వాడక్కర్లేదు. పుట్టగొడుగు తిననివాళ్ళకి ఆ వాసన ఏం గుర్తుంటుంది?

ఇప్పుడు ముక్కు మూసుకుని ముక్కని నోట్లో వేసుకుని నమలండి. ఉప్పు, పులుపు, కొంచెం తీపి, ఒక రకమైన కమ్మదనం, ఇవే తెలుస్తాయి. నాలుక చేసే పని అంతవరకే. రెండు మూడు సార్లు నమిలాక ముక్కు వదలండి. ఒక్కసారిగా ఏదో వచ్చి పడినట్టు చీజ్ మొత్తం తెలుస్తుంది. గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కిన వాసన అది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం అదే. ఈ పని చేశాకే, మీకు ఒక చీజ్ నచ్చకపోవడానికి కారణం నాలుకా, ముక్కా అన్నది తెలుస్తుంది.

మాగిన చెడ్డార్, పాత గౌడాల దగ్గర ఇంకొంచెం ఆగండి. దవడ పళ్ళ కింద చిన్న చిన్న గుళికలు కరకరమంటాయి. చాలామంది ఉప్పు కళ్ళు అనుకుంటారు. ఉప్పు కాదు. ప్రోటీన్లు విరిగినప్పుడు విడుదలైన టైరోసిన్ అనే అమైనో ఆమ్లం గడ్డకట్టి స్ఫటికాలుగా మారుతుంది. చెడ్డార్ పైభాగంలో తెల్లటి పూతలా కనిపించేది ఎక్కువగా కాల్షియం లాక్టేట్. ఆ గుళికని ఏరి విడిగా నాలుక మీద పెట్టుకుని చూడండి, దాదాపు ఏ రుచీ ఉండదు. దాని చుట్టూ ఉన్న చీజ్‌లో మాత్రం కమ్మదనం బాగా ఎక్కువ. ప్రోటీన్లు విరిగినప్పుడు కమ్మదనాన్నిచ్చే గ్లుటమేట్ కూడా వస్తుంది మరి. ఆ కరకర మీకు నచ్చితే, బాగా మాగిన గట్టి చీజ్‌లు మీకు నచ్చే అవకాశం చాలా ఎక్కువ. గులకరాయి తగిలినట్టుంది అని ముఖం చిట్లిస్తే, పద్దెనిమిది నెలలు దాటినవి కొనకండి.

మింగాక పది అంకెలు లెక్కపెట్టండి. రుచి అప్పుడే పోయిందా, ఉందా, మారిందా? మొజరెల్లా వెంటనే పోతుంది. చెడ్డార్ చాలాసేపు ఉంటుంది. కామెంబెర్ విషయంలో కొందరికి చివర్లో చిరుచేదు తగులుతుంది, అది తొక్క దగ్గరిది.

ఆరో అడుగు: కార్డు నింపడం, జతలుగా తూచడం

ఒక్కో చీజ్‌కి ఐదు గళ్ళు: ఉప్పు, పులుపు, వాసన, నోట్లో తగిలే తీరు, చివర మిగిలే రుచి. ప్రతి గడిలో రెండు విషయాలు రాయాలి. ఒకటి, ఎంత ఉంది, 1 నుంచి 5 వరకు. రెండు, మీకు తక్కువైందా, సరిపోయిందా, ఎక్కువైందా. "ఉప్పు 4, సరిపోయింది" అని ఒకరు, "ఉప్పు 4, ఎక్కువైంది" అని ఇంకొకరు రాస్తే ఇద్దరి నాలుకలూ బాగానే పనిచేస్తున్నాయని అర్థం. వాళ్ళకి కావాల్సినవి వేరు, అంతే.

ర్యాంకులు మాత్రం ఒకేసారి ఐదింటికీ ఇవ్వకండి. రెండేసి తీసుకుని, ఇందులో ఏది ఇంకో ముక్క తింటావు అని అడగండి. ఐదు చీజ్‌లకి పది జతలు వస్తాయి. గెలిచిన ప్రతిసారీ ఒక పాయింట్. ఉదాహరణకి చెడ్డార్‌కి 4, ఫెటాకి 3, గౌడాకి 2, మొజరెల్లాకి 1, కామెంబెర్‌కి 0 వస్తే, ఆ మనిషికి పులుపు, ఉప్పు ముఖ్యమని సులభంగా చెప్పొచ్చు. ఒక్కోసారి గౌడా చెడ్డార్‌ని, చెడ్డార్ ఫెటాని, ఫెటా గౌడాని ఓడించి లెక్క గుండ్రంగా తిరుగుతుంది. అలా జరిగితే ఆ మూడూ మీకు దాదాపు సమానమే, లేదా నాలుక అలిసిపోయింది. కాసేపు ఆగి ఆ మూడు జతలే మళ్ళీ చూడండి.

ఏడో అడుగు: ఎందుకు నచ్చలేదో వెతకడం

అసలు లాభం ఇక్కడుంది. మా నాన్న కామెంబెర్‌ని అన్ని జతల్లోనూ ఓడించారు. వాసన వల్లేనని అందరం అనుకున్నాం. కార్డు చూస్తే వాసన దగ్గర "3, సరిపోయింది" అని ఉంది. నోట్లో తగిలే తీరు దగ్గర మాత్రం "జిగట, ఎక్కువైంది". అంటే ఆయనకి ఇబ్బంది వాసన కాదు, మెత్తదనం. వాసన ఉండీ గట్టిగా ఉండే గ్రూయేర్ లాంటిది తెస్తే నచ్చాలి కదా. తెచ్చాం, "ఇదేదో బాగుందే" అన్నారు. బ్రీ తెచ్చి ఉంటే డబ్బులు దండగ.

ఇలాగే కార్డుని బట్టి తర్వాతి మెట్టు ఎక్కండి. పులుపు, ఉప్పు ఇష్టమైతే మేక పాల ఫ్రెష్ చీజ్. తీపి, కమ్మదనం కావాలనుకుంటే పాత గౌడా, లేదా రంధ్రాలుండే ఎమెంటాల్. ఎమెంటాల్ రంధ్రాలు ఒక రకం బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల వస్తాయి. 2015లో స్విట్జర్లాండ్‌లోని అగ్రోస్కోప్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్ళు, పాలలో పడే కంటికి కనిపించని ఎండుగడ్డి నలుసుల దగ్గరే ఆ రంధ్రాలు మొదలవుతాయని చెప్పారు. పాలు పితికే పద్ధతి శుభ్రమయ్యేకొద్దీ రంధ్రాలు తగ్గిపోవడానికి కారణం అదేనట.

కామెంబెర్ బాగా నచ్చినవాళ్ళు బ్లూ చీజ్‌కి వెళ్ళొచ్చు. ఫ్రాన్సులోని రోక్‌ఫోర్ గొర్రె పాలది, కొంబలూ కొండ గుహల్లో మాగుతుంది. 1925లోనే దాని పేరుకి చట్టపరమైన రక్షణ వచ్చింది. మొదటిసారి వేలిగోరంత ముక్క చాలు, పక్కన పండిన బొప్పాయో తేనో ఉంటే ఘాటు అణుగుతుంది. లింబర్గర్ లాంటి ఉప్పునీళ్ళతో కడిగిన చీజ్‌లు ఇంకా ముదురు. పాదాల వాసనకి కారణమైన బ్యాక్టీరియాకి దగ్గరి బంధువే వాటి మీద పెరుగుతుంది. మలేరియా దోమలు ఆ చీజ్ వాసనకి కూడా చేరతాయని నిరూపించిన ఇద్దరికి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) ఇచ్చారు. నా మటుకు నేను ఆ ముచ్చట దోమలకే వదిలేశాను.

మన దేశంలోనే తిరిగి చూడాలన్నా దారుంది. జమ్మూ వైపు పెనం మీద ఎర్రగా కాల్చి తినే కలారి, హుగ్లీ దగ్గర పోర్చుగీసువాళ్ళ ఆనవాలుగా మిగిలిన పొగవాసన బండెల్, హిమాలయాల్లో గంటసేపు బుగ్గన పెట్టుకునే రాతిలాంటి ఛుర్పి ఉన్నాయి. ముంబైలో ఎలెఫ్తేరియా అనే సంస్థ చేసిన బ్రూనోస్ట్‌కి 2021 వరల్డ్ చీజ్ అవార్డ్స్‌లో వెండి పతకం వచ్చింది. నార్వే పద్ధతిలో పాల తేటని గోధుమ రంగు వచ్చేదాకా మరిగించి చేస్తారు. పాలకోవా ఇష్టపడేవాళ్ళకి దీనితో మొదలుపెట్టమని చెబుతాను.

ఎనిమిదో అడుగు: వేడి మీద మళ్ళీ చూడటం

పచ్చిగా గెలిచింది వంటలో గెలవాలని లేదు. ఒక్కో చీజ్ నుంచి చెంచాడు తురుము తీసి, పెనం మీద సన్నసెగన వేసి చూడండి. మాగిన చెడ్డార్ నూనె కక్కి ముద్దలవుతుంది. ఫెటా కరగదు, మెత్తబడుతుంది. మన పనీర్ కూడా అంతే. వేడి పాలని ఆమ్లంతో విరగ్గొట్టి చేసిన చీజ్‌లో ప్రోటీన్ల అల్లిక కరిగి సాగే రకం కాదు. లేత గౌడా చక్కగా కరుగుతుంది. సాగాలంటే పిజ్జా మొజరెల్లా దిమ్మ కావాలి, ఫ్రెష్ ఉండ కాదు. ఉండలో నీళ్ళెక్కువ, దోశ మీద వేస్తే దోశ మెత్తబడిపోతుంది.

చీజ్ దోశకి నేను వాడేది సగం పిజ్జా మొజరెల్లా, సగం మాగిన చెడ్డార్. ఒకటి సాగడానికి, ఒకటి రుచికి. దోశ అంచులు లేవడం మొదలయ్యాకే చల్లాలి, ముందే చల్లితే చీజ్ కరిగి పెనానికి అంటుకుని మాడుతుంది. ఉప్పు చెడ్డార్‌లోనే ఉంది కాబట్టి కారప్పొడి తక్కువ ఉప్పున్నది చూసుకోండి.

మిగిలిన ముక్కలు

ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టకండి, చెమట పట్టి వాసన మారుతుంది. బటర్ పేపర్‌లో చుట్టి, మూత డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అర దగ్గర ఉంచండి. ఫెటా, మొజరెల్లా వాటి నీళ్ళలోనే ఉండాలి. మొజరెల్లా రెండు రోజుల్లో తినేయండి. చెడ్డార్, గౌడాలని డీప్ ఫ్రీజర్‌లో పెడితే పాడవవు గానీ పొడిపొడిగా రాలిపోతాయి. వంటకి పనికొస్తాయి, పచ్చిగా తినడానికి బాగోవు. గట్టి చీజ్ మీద పెంచని బూజు కనిపిస్తే, చుట్టూ, లోతుకీ రెండున్నర సెంటీమీటర్లు కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చు. మెత్తటివాటి మీద కొత్త రంగు బూజు కనిపిస్తే ముక్క మొత్తం పారేయాల్సిందే.